అక్క పుస్తకం, మేనకోడలి రంగప్రవేశం, మిత్రుడి బి గ్రేడ్: మూడింటినీ ఒకే సభలో జరపవచ్చా?

మీ ప్రశ్నను నాకు అర్థమైన మేరకు ముందు చెప్పుకుంటాను. గాజువాకలో టీచరుగా పనిచేసి రిటైరైన మీ అక్కగారి తొలి కథల పుస్తకం అచ్చుకు సిద్ధంగా ఉంది. మీ చెల్లెలి కూతురు కూచిపూడి నాట్యంలో రంగప్రవేశం, అంటే తొలి పూర్తి ప్రదర్శన, చేయబోతోంది. చిన్నప్పటి నుంచి మీతో చదువుకున్న మిత్రుడికి వయొలిన్‌లో ఆకాశవాణి బి గ్రేడ్ వచ్చింది. మూడింటినీ ఒకే సాయంత్రం, ఒకే హాల్లో ఘనంగా జరిపితే ఖర్చు కలిసివస్తుందని మీ ఆలోచన. మన ఇంటివాళ్లను మనమే పొగుడుకుంటే నలుగురూ నవ్వుతారని మీ నాన్నగారి అభ్యంతరం. ముఖ్య అతిథిగా ఎవరిని పిలవాలి, ఏమి బహూకరించాలి, వేదిక మీద ఏమి మాట్లాడాలి అన్నవి మిగిలిన సందేహాలు. విశాఖలో పుస్తకావిష్కరణలు, కచేరీలు, నృత్య ప్రదర్శనలు నిర్వహించే పనుల్లో చాలాకాలంగా ఉన్నవాడిని కనుక కొంచెం వివరంగానే రాస్తున్నాను.

మూడు వేడుకలనూ కలపవద్దు. కలిపితే హాలు అద్దె మిగులుతుంది కానీ, ఆహార్యం, లైట్లు, గజ్జెల సవ్వడి ఉన్న వేదిక మీద జనం చూపంతా మీ మేనకోడలి వైపే ఉంటుంది. మీ అక్కగారి పుస్తకం కార్యక్రమాల మధ్య విరామంలో ఫొటో దిగే వస్తువుగా మిగిలిపోతుంది. మీ మిత్రుడి వయొలిన్ వచ్చేపోయే వాళ్ల మాటల వెనుక సన్నగా వినిపించే శబ్దమవుతుంది. చదవవలసిన దానికి, చూడవలసిన దానికి, వినవలసిన దానికి వేరువేరు గదులు, వేరువేరు గంటలు, చాలావరకు వేరువేరు మనుషులు కావాలి. సన్మానం చేయడమంటే ఎంతమంది వచ్చారన్న లెక్క చూసుకోవడం కాదని, వాళ్లు చేసిన పనిని నలుగురూ నిజంగా అందుకునేలా చూడడమని నేను అనుకుంటాను. కింద చెప్పే ఏర్పాట్లన్నీ ఆ లెక్కన చెబుతున్నవే.

మీ నాన్నగారి అభ్యంతరానికి వస్తే, అందులో కొంత న్యాయం ఉంది. వేదిక మీద బంధువులు ఒకరి తర్వాత ఒకరు లేచి మునగచెట్టు ఎక్కిస్తుంటే బయటివాళ్లకు ఇబ్బందిగానే ఉంటుంది. అయితే పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత మన ఇళ్లలో పుట్టినదే కదా. అక్క రాసిన కథలు పత్రికలో వచ్చినప్పుడు వీధిలో వాళ్లు చదివి ఇంట్లోవాళ్లు చదవకపోవడం నేను చాలా కుటుంబాల్లో చూశాను. దగ్గరివాళ్లు మాట్లాడకూడదన్న నియమం మన సాహిత్యంలో ఎన్నడూ లేదు. ఈ ఊళ్లోనే పుట్టిన శ్రీశ్రీ గీతాలు 1950లో ‘మహాప్రస్థానం’ పుస్తకంగా వచ్చినప్పుడు దానికి ‘యోగ్యతా పత్రం’ పేరుతో ముందుమాట రాసిన చలం ఆయనకు పరాయివాడేమీ కాదు. ఆ పుస్తకాన్ని శ్రీశ్రీ అంకితమిచ్చినది అకాలంగా పోయిన మిత్రుడు కొంపెల్ల జనార్దనరావుకు. అభిమానాన్ని దాచుకోకుండానే చలం ఆ గీతాల్లోకి దిగి, వాటితో తలపడి రాశాడు కనుకనే ఆ ముందుమాటను ఇన్నేళ్ల తర్వాత కూడా గీతాలతో కలిపి చదువుతున్నాం. కనుక నాన్నగారితో ఇలా ఒప్పందం చేసుకోండి: ఇంటి తరఫున ఒక్కరే మాట్లాడతారు, ఐదు నిమిషాలకు మించరు, మనిషి గురించి కాక పని గురించి మాట్లాడతారు.

పుస్తకం విషయం కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్లో మొక్కుబడిగా సాగిపోయేవి ఎక్కువగా ఆవిష్కరణ సభలే. ఆ క్రమం మీకూ తెలిసినదే. మెరుపు కాగితంలో చుట్టి రిబ్బను కట్టిన పుస్తకాలను పళ్లెంలో తెస్తారు, అతిథులు రిబ్బను విప్పి ఛాతీ ఎత్తున పట్టుకుని కెమెరా వైపు చూస్తారు, ఆ తర్వాత పుస్తకం అప్పుడే చేతికి వచ్చిన వక్తలు రచయిత్రి సౌమ్యురాలని, సంసారాన్ని నెట్టుకొస్తూ రాశారని అరగంట చొప్పున చెబుతారు. రచయిత్రి స్పందన అందరికన్నా చివర ఉంటుంది. అప్పటికి ఎనిమిదిన్నర దాటి, గాజువాక, కూర్మన్నపాలెం వెళ్లవలసినవాళ్లు చెప్పులు వెతుక్కుంటూ ఉంటారు. కుర్చీలు ఎత్తేస్తున్న చప్పుడు మధ్య ఆవిడ నాలుగు మాటలు చెప్పి కూర్చుంటారు.

ఈ క్రమాన్ని తిరగేయండి. ఆవిష్కరణ అయిన వెంటనే మీ అక్కగారే మాట్లాడాలి. ఆ తర్వాత పుస్తకంలోని ఒక కథలో ఒకటి రెండు పేజీలు ఎవరైనా గట్టిగా చదవాలి. పుస్తక పరిచయం చేసే మనిషి ఒక్కరు చాలు, మరీ తప్పదంటే ఇద్దరు. వారికి కనీసం మూడు వారాల ముందు ప్రతి అందాలి; ప్రెస్సు నుంచి పుస్తకం రాకపోతే పేజీల ప్రింటు తీసి స్పైరల్ బైండింగ్ చేయించి ఇచ్చినా సరిపోతుంది. సభాధ్యక్షుడికి చేతిగడియారం చూసుకునే అలవాటు, మొహమాటం లేకుండా చీటీ పంపే ధైర్యం ఉండాలి. ఆరుగంటలని కార్డులో వేస్తే ఆరూ పదికి మొదలుపెట్టండి. ఏడున్నరకు ముగిస్తే మిగిలిన సమయంలో జనం పుస్తకాల బల్ల దగ్గర నిలబడతారు, అక్కగారితో మాట్లాడతారు, సంతకాలు చేయించుకుంటారు. సభలో అసలు పండుగ ఆ అరగంటే.

కథ చదివించమని ఊరికే చెప్పడం లేదు. మర్రిపాలెంలో ఒక అపార్ట్‌మెంటు సెల్లారులో జరిగిన ఆవిష్కరణకు వెళ్లాను. వక్తలెవరో ఆలస్యమైతే, రచయిత్రి ఆడబిడ్డను ఒక పేజీ చదవమన్నారు. ఆవిడ ఎన్నడూ మైకు ముట్టుకున్న మనిషి కాదు. కళ్లజోడు సరిచేసుకుని, పుస్తకాన్ని మైకుకు అడ్డంగా పెట్టుకుని, చింతపండు పిక్కలు తీస్తూ ఇద్దరు తోడికోడళ్లు దెప్పుకునే సన్నివేశం మొదలుపెట్టారు. మొదటి రెండు వాక్యాలు ఎవరికీ వినపడలేదు. మూడో మాటకు ముందు వరుసలో ఉన్నావిడ ఫక్కున నవ్వారు, ఆ నవ్వుతో చదివే ఆవిడ గొంతు తెరుచుకుంది. ఆ తర్వాత మన ఉత్తరాంధ్ర యాస ఎలా పలకాలో అలాగే పలికారు. సభ అయ్యాక పుస్తకం కొన్నవాళ్లు చాలామంది ఆ తోడికోడళ్లకు చివరికి ఏమైందని అడుగుతూ కొన్నారు. విమర్శకుడి ఉపన్యాసం ఎంత మంచిదైనా ఆ పని చేయలేదు.

ముఖ్య అతిథిగా ప్రజాప్రతినిధిని పిలవాలా అని అడిగారు. ఆయన పుస్తకాలు చదివే మనిషైతే తప్పకుండా పిలవండి. పదవి కోసమే అయితే, ఆయన వచ్చేదాకా సభ ఆగుతుంది, వచ్చాక ఆయన వెంట వచ్చినవాళ్ల కోసం ముందు వరుస ఖాళీ అవుతుంది, ఆ వరుసలో కూర్చున్న మీ పెద్దమ్మగారు వెనక్కి వెళతారు. మీ అక్కగారు టీచరు అన్నారు కనుక, ఆవిడ దగ్గర చదువుకున్న పాత విద్యార్థిని ఒకరిని పిలిచి తొలి ప్రతి అందుకోమనండి. హాలు విషయానికి వస్తే, ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయం సాహిత్య సభలకు అలవాటైన చోటు, ఆర్టీసీ కాంప్లెక్సుకు దగ్గర. స్టీలు ప్లాంటు వైపు నుంచి బస్సులో వచ్చే పెద్దవాళ్లకు అంతకన్నా అనువైన ప్రదేశం చెప్పలేను. పెద్ద హాలు తీసుకుని సగం ఖాళీగా ఉంచడం కంటే చిన్న హాలు నిండుగా ఉండటం మేలు.

పుస్తకం ధర పెట్టి అమ్మండి. బంధువులంతా కాంప్లిమెంటరీ కాపీ కోసం చూస్తారు. అడగడానికి మొహమాటపడి కొనకుండా వెళ్లిపోయేవాళ్లు కూడా ఉంటారు. బల్ల దగ్గర మొదట డబ్బిచ్చి కొనే మనిషి మీరే కావాలి, అదీ నలుగురూ చూస్తుండగా. మిమ్మల్ని చూసి బావగార్లు, బాబాయిలు జేబులో చేయి పెడతారు.

తమ్ముడిగా మీరు చేయగల ఇంకొక పని ఎవరికీ కనిపించదు, కానీ ఎన్ని శాలువాలకైనా మించినది. అక్కగారు సొంతంగా ప్రచురిస్తున్నారు కనుక ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) తీసుకోవలసిన బాధ్యత ఆవిడదే. దాన్ని రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ రుసుము లేకుండా ఇస్తుంది. ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ సంఖ్య అచ్చుకు ముందే చేతికి రావాలి కనుక ఈ వారమే మొదలుపెట్టండి. పుస్తకం వచ్చాక, 1954 నాటి పుస్తకాల అందజేత చట్టం ప్రకారం ప్రచురణకర్త 30 రోజుల్లోగా తన ఖర్చుతో ఒక ప్రతిని కోల్‌కతాలోని నేషనల్ లైబ్రరీకి, మరో మూడు ప్రతులను చెన్నై కన్నెమరా, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీలకు, ముంబైలో ఇందుకు నిర్దేశించిన గ్రంథాలయానికి పంపాలి. సొంతంగా అచ్చువేసుకునే వారిలో చాలామంది ఈ పని వదిలేస్తారు. నాలుగు పార్సిళ్లు కట్టి, స్పీడ్ పోస్టులో వేసి, రసీదులు ఒక కవరులో పెట్టి అక్కగారికి ఇవ్వండి. తన పుస్తకం కోల్‌కతా జాతీయ గ్రంథాలయంలో ఉందన్న మాట ఆవిడకు ఎంత విలువైనదో మీరే చూస్తారు. కాపీరైట్ రిజిస్ట్రేషన్ చేయించాలేమోనని కంగారు పడనవసరం లేదు. రాసిన క్షణం నుంచే హక్కు రచయితకు ఉంటుంది, రిజిస్ట్రేషన్ ఐచ్ఛికం.

ఇక మీ మేనకోడలి రంగప్రవేశం. దీనికి పెద్ద గురువుగారే. తేదీ, అంశాల వరుస, వాద్యబృందం అన్నీ వారి నిర్ణయం. మీ మిత్రుడిని ఆ బృందంలో వయొలిన్ వాయించమని అడిగితే రెండూ కలిసొస్తాయని మీకు తోచవచ్చు. అడగవద్దు. నాట్యానికి వాయించడం వేరే సాధన; నట్టువాంగం చేసే (తాళం వేస్తూ జతులు చెప్పే) వారి చేతిని, పిల్ల అడుగును చూస్తూ వాయించాలి, దానికి ఎన్నో రిహార్సళ్లు కావాలి.

మేనమామగా మీ చేతి మీదుగా గజ్జెలు ఇవ్వాలని ఉందన్నారు. ఖర్చు మీరు పెట్టుకోండి, గజ్జెలు మాత్రం పూజ అయ్యాక గురువు చేతి నుంచే పిల్లకు అందాలి. మీరు బట్టలు పెట్టండి, అది మీ హక్కు. గురు సత్కారానికి పళ్లు, పసుపు కుంకుమ, నూతన వస్త్రాలు ముందురోజే సర్ది ఉంచుకోండి. గాయనికి, మృదంగ, వేణు, వయొలిన్ విద్వాంసులకు ఇవ్వవలసిన పారితోషికం కవర్లలో పెట్టి, పేర్లు రాసి, ప్రదర్శనకు ముందే ఇచ్చేయండి. కార్యక్రమం ముగిశాక ఫొటోల హడావిడిలో వాళ్లు మెట్ల దగ్గర వాద్యాలు పట్టుకుని నిలబడి ఎదురుచూడటం చాలా చోట్ల చూశాను. అంత బాగా జరిగిన సాయంత్రానికి అదొక్కటే మచ్చగా మిగులుతుంది. యాంకరు చేతిలోని కాగితంలో వారి పేర్లు ఇంటిపేర్లతో సహా సరిగా ఉన్నాయో లేదో మీరే చూడండి.

అతిథుల ప్రసంగాలు పెట్టక తప్పదంటే పిల్ల ఆహార్యం మార్చుకునే విరామంలో పెట్టండి. పది పదిహేను నిమిషాలు ఎలాగూ కావాలి. అంతకు మించి సాగితే చెమట ఆరి, కాళ్లు బిగుసుకుపోయి తర్వాతి అంశం దెబ్బతింటుంది. గ్రీన్ రూముకు తల్లి, మేకప్ చేసేవారు తప్ప మరెవరూ వెళ్లకుండా తలుపు దగ్గర ఒక మనిషిని కాపలా పెట్టండి. సెల్ఫీల కోసం వచ్చే పిన్నమ్మలను ఆపగల మనిషే కావాలి, అది మీరైతే కుదరకపోవచ్చు. తరంగం అనే అంశంలో ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి అడుగులు వేస్తున్నప్పుడు ఫ్లాష్ కొట్టవద్దని ముందే చెప్పించండి. ప్రదర్శన అయ్యాక దగ్గరికి వెళ్లి ‘సూపర్’ అనేసి రాకండి. పళ్లెం అంచు ఒత్తుకుని అరికాలి మీద పారాణిని చీల్చుతూ గీత పడి ఉంటుంది. మీరు ఏ జతి (తాళానికి పడే అడుగుల వరుస) దగ్గర ఊపిరి బిగబట్టారో ఆ పిల్లకు చెప్పండి. పదమూడేళ్ల పిల్లలకు ఎవరు నిజంగా చూశారో, ఎవరు ఫోను చూసుకున్నారో బాగా తెలుస్తుంది. ఫొటోలు, వీడియోలు ఎక్కడ పెట్టాలన్నా ముందు ఆ పిల్లనూ తల్లిదండ్రులనూ అడగండి, స్కూలు పేరు, ఇంటి వివరాలు రాయవద్దు.

మీ మిత్రుడి విషయంలో ముందు చేయవలసింది ఆయన సాధించినది ఏమిటో బంధుమిత్రులకు సరిగా చెప్పడం. ‘బి గ్రేడా? ఏ ఎందుకు రాలేదు?’ అని అడిగేవాళ్లు కనీసం నలుగురైనా తగులుతారు, అదేదో పరీక్షలో మార్కులు తగ్గినట్టు. ఆడిషన్‌లో నెగ్గితేనే బి గ్రేడ్ వస్తుందని, దానిపైన బి హై, ఏ, టాప్ గ్రేడ్లు ఉంటాయని, ఎన్నో ఏళ్లు సాధన చేసినవారు కూడా ఆడిషన్‌లో వెనుదిరుగుతారని ఆహ్వానం మీదే రెండు వాక్యాలు రాయండి. వేడుకకు హాలు అక్కరలేదు. ఎవరింట్లోనైనా పాతిక మంది పట్టే గదిలో, మైకు లేకుండా, మృదంగంతో గంటన్నర కచేరీ పెట్టించండి. మృదంగ విద్వాంసుడికి పారితోషికం మీరివ్వండి. స్నేహితుడే కదా అని వయొలిన్ ఊరికే వాయించమనకండి, ఆయనకూ తాంబూలంలో కవరు ఉండాలి. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడుగారు పక్కనున్న విజయనగరంలో పాఠం చెప్పిన ప్రాంతం మనది. వయొలిన్‌ను పక్కవాద్యంగా కాక నడిమధ్యన కూర్చోబెట్టి వినడం మనకు కొత్త కాదు. కాఫీ కచేరీ ముగిశాకే ఇవ్వండి. సముద్రపు తేమకు మృదంగం శ్రుతి తరచు సర్దుకోవలసి వస్తుంది, ఆ నిమిషాల్లో మాటలు మొదలుపెట్టవద్దని పిల్లలకు చెప్పండి.

బహుమతుల గురించి క్లుప్తంగా. ఏ రచయిత ఇంటికి వెళ్లినా బీరువా పై అరలో మడత విప్పని పాలిస్టరు శాలువాలు, పేరు తప్పుగా చెక్కిన గాజు మెమెంటోలు కనిపిస్తాయి. శాలువా కప్పాలనే ఉంటే పొందూరు ఖద్దరు కప్పండి, తర్వాత కట్టుకోవడానికి పనికొస్తుంది. మెమెంటో కావాలంటే ఏటికొప్పాకలో అంకుడు కర్రతో చేసి లక్క పూసే బొమ్మలు ఉన్నాయి, బొబ్బిలి వీణల నమూనాలూ ఉన్నాయి. రెండింటికీ భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది, రెండూ మన చుట్టుపక్కల చేతులు చేసినవే. స్వీటు ఏదైనా కావాలంటే మాడుగుల హల్వా ఉండనే ఉంది. వయొలిన్ మిత్రుడికి మాత్రం ఆయన వాడే రకం తీగలు ఏవో కనుక్కుని రెండు సెట్లు ఇవ్వండి. ఫ్లెక్సీ మీద పెట్టాలనుకున్న డబ్బు మంచి సౌండు మనిషికి, వీడియో రికార్డింగుకు పెట్టండి.

వేదిక మీద మీరు మాట్లాడవలసిన ఐదు నిమిషాల గురించి అడిగారు. అక్క ఎంత కష్టపడిందో చెప్పాలని మీకు ఉంటుంది, అయితే అది ఆవిడ చెప్పుకోవలసినది. మీరు పుస్తకం మొత్తం చదవండి, పెన్సిలుతో గీతలు పెట్టుకోండి, ఒక కథ ఎంచుకుని అందులో మీకు తెలిసిన మనుషులు ఎలా మారిపోయారో చెప్పండి. రేషన్ షాపు వరుసలో నిలబడిన ఆ ముసలాయన మన పక్కింటి తాతగారే అనుకుని చదవడం మొదలుపెట్టాను, మూడో పేజీకి ఆయన తాతగారు కాడు, నేనే అనిపించింది, అన్న తరహా మాట ఒక్కటి చాలు. నచ్చని కథ ఉంటే దాని గురించి వేదిక మీద కాక ఇంట్లో చెప్పండి, కానీ చెప్పండి. 1970లో శ్రీశ్రీ షష్టిపూర్తి సభలు ఈ ఊళ్లో జరిగినప్పుడు ‘విశాఖ విద్యార్థులు’ వేసిన కరపత్రం, వచ్చిన రచయితలను మీరెటువైపని నిలదీసింది. ఆ ఏడాది జూలైలో విప్లవ రచయితల సంఘం ఏర్పడటానికి ఆ ప్రశ్న ఒక కారణమైంది. మీ ఇంటి సభలో అంత వేడి అక్కరలేదు గానీ, ప్రశ్న అడగడం అగౌరవమని మాత్రం అనుకోవద్దు. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో చప్పట్ల బొమ్మలు వరసగా పడుతుంటాయి. వాటి మధ్య ఫలానా కథ చదివాను, ఫలానా చోట ఆగిపోయాను అని ఒకరు రాస్తే రచయిత ఆ మాటనే మళ్లీ మళ్లీ చూసుకుంటారు.

తేదీలు ఇలా పెట్టుకోండి. గురువుగారు రంగప్రవేశం రోజు చెప్పేదాకా మిగతావేవీ ఖాయం చేయకండి. మిత్రుడి కచేరీకి ఆదివారం ఉదయం పది గంటలు బాగుంటుంది, ముందు అదే కానివ్వండి. అక్టోబరు, నవంబరు నెలల్లో హాలు మాట్లాడుకుంటే తుపాను వస్తే డబ్బు తిరిగి ఇస్తారా, తేదీ మారుస్తారా అని రాతపూర్వకంగా అడగండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ చూసిన ఊరిలో ఈ ప్రశ్నకు ఎవరూ నొచ్చుకోరు. పుస్తకం హాలుకు మాత్రం అడ్వాన్సు కట్టే ముందు ప్రెస్సుకు వెళ్లి, బైండింగ్ అయిన కట్టల్లోంచి నాలుగైదు ప్రతులు మీ చేతితో లాగి, పేజీల వరుస, కుట్టు, అట్ట మీద అక్కగారి పేరు ఒకసారి చూసుకుని రండి.